12 ఓట్ల కోసం ఇన్ని తిట్లా?

సంపాదకులకు నమస్కారం.

2014లో మంగళగిరిలో గెలుపు తేడా 12 ఓట్లు. 2019లో మా విజయవాడ సెంట్రల్‌లో 25. మా అపార్ట్‌మెంట్‌లో ఒక్క అంతస్తు చాలు, ఫలితం తారుమారు కావడానికి. పోటీ ఇలా నువ్వా నేనా అన్నట్టున్నప్పుడే అభ్యర్థులు పని సంగతి వదిలేసి ఎదుటివాడి ఇంటి గుట్టు పట్టుకుంటారు.

మొన్నటి ఎన్నికల్లో మా వీధిలోకి రెండు ప్రచార ఆటోలు ఒకేసారి వచ్చి, మైకులు పెంచి మరీ తిట్టుకున్నాయి. ఎదురింటి పిన్నిగారు ఖాళీ బిందెతో వచ్చి, "కుళాయి ఎప్పుడొస్తుందో చెప్పు నాయనా" అంటే ఆటోలో మైకు పట్టుకున్న కుర్రాడు, "నాకిచ్చిన రికార్డింగు ఇదేనమ్మా" అన్నాడు.

విమర్శ వద్దనను. రోడ్డు వెయ్యకపోతే నిలదీయాల్సిందే. ఎన్నికల నియమావళి కూడా విధానాలను, గత పనితీరును విమర్శించవచ్చంటుంది, వ్యక్తిగత జీవితం జోలికే వద్దంటుంది. అభ్యర్థి నడవడిపై తెలిసి అబద్ధం ప్రచారం చేస్తే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 123(4) కింద నేరుగా ఎన్నికే రద్దు కావచ్చు. కానీ హైకోర్టులో పిటిషన్ వేసేది ఫలితం వచ్చాక, 45 రోజుల్లో. ఈలోపు ఆ 12 ఓట్లూ పడాల్సిన చోట పడిపోయుంటాయి.

ఈసారి మీ జిల్లా పేజీలో అభ్యర్థుల హామీలు పక్కపక్కన వేయండి. కత్తిరించి దాచుకుంటాం.

– ఒక ఓటరు, సత్యనారాయణపురం, విజయవాడ