జాగ్రత్త మాట మొదటి వరుసలో ఉండాలి

సంపాదకుడు గారికి,

మగవాళ్ల లైంగిక సమస్యల మీద ఏఐ చాట్‌బాట్లు తెలుగులో ఇచ్చే జవాబులను బాధ్యత ఉన్నవాళ్లెవరైనా కూర్చుని చదువుతున్నారా అని నా అనుమానం. మారతహళ్లిలో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడే నాకు అవి తరచూ ఎదురవుతుంటాయి. పక్కన నలుగురుండగా నోటితో అడగలేని కుర్రాడు ఫోన్ నా వైపు తిప్పి, "అన్నా, ఇందులో రాసిన మాత్ర ఇవ్వండి" అంటాడు. పీజీల్లో ఉండే మన పిల్లలే కాదు, బిల్డింగ్ పనులకు వచ్చిన యాభై ఏళ్ల మేస్త్రీలూ అంతే.

ముందు మంచి చెబుతాను. హస్తప్రయోగం చేస్తే నరాలు చచ్చుబడతాయనీ, వీర్యం పోతే బలం పోతుందనీ ఈ చాట్‌బాట్లు బెదిరించవు. గోడల మీద 'రహస్య రోగాల' ప్రకటనలు రాయించుకునేవాళ్ల వ్యాపారమంతా ఆ బెదిరింపు మీదే. అలాంటి ప్రకటనలను 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. గోడలకు ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు. వాటితో పోలిస్తే చాట్‌బాట్ ఎంతో నయం.

నాకు కనబడిన జవాబుల్లో పచ్చి తప్పులు తక్కువే. ప్రాణం మీదికి తెచ్చే విషయాన్ని అడుగున పడేయడమే నా గొడవ. అంగస్తంభన కోసం వేసుకునే సిల్డెనాఫిల్ (వయాగ్రా మాత్రలో ఉండే మందు) సంగతే చూడండి. గుండెనొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకునేవాళ్లు, ఆ జాతి నైట్రేట్ మందులు ఏవి వాడేవాళ్లయినా దీన్ని వేసుకోకూడదు. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు. సిల్డెనాఫిల్ వేసుకున్నాక 24 గంటలు, అదే పనికి వాడే టాడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ జోలికి పోకూడదు. చాట్‌బాట్ ఇది చెప్పదని అనను. చెబుతుంది. కారణాలు, జీవనశైలి, వ్యాయామం, ఒత్తిడి అన్నీ అయ్యాక, తెర మీద వేలు నొప్పెట్టేదాకా జరిపితే "నైట్రేట్లు తీసుకుంటున్న రోగులు వైద్యుని సంప్రదించవలెను" అన్న ధోరణిలో ఒక వాక్యం వస్తుంది. జేబులో ఉన్న తన మాత్రే ఆ నైట్రేట్ అని మేస్త్రీకి ఎవరు చెప్పాలి? డాక్టరైతే మందు రాసే ముందే "గుండెకు ఏమైనా వాడుతున్నావా?" అని అడుగుతాడు. ఇదేమో ఏమీ అడగకుండానే అంతా చెప్పేస్తుంది.

సిల్డెనాఫిల్ డాక్టర్ చీటీ చూసి ఇవ్వాల్సిన షెడ్యూల్ హెచ్ మందు. చీటీ లేకుండా ఇచ్చే షాపులు ఈ ఊళ్లో లేవని బుకాయించను. అక్కడ ఆ జవాబు ఆపకపోతే ఇంకెవరూ ఆపరు.

సింపుల్‌గా చెప్పమని అడగొచ్చు కదా అంటారేమో. ఒక కుర్రాడి చేత అలాగే అడిగించాను. జవాబు పొట్టిదైంది, హాయిగా చదివించింది. గుండె మందుల మాట మాత్రం మాయమైంది.

చదవడానికి సులువో కాదో తేల్చే లెక్కలు లేకపోలేదు. రోగులకిచ్చే సమాచారం ఆరో తరగతి పిల్లలు చదివేలా ఉండాలని అమెరికా వైద్య సంఘం సలహా. దాన్ని కొలవడానికి ఎక్కువగా వాడేది 1948లో వచ్చిన ఫ్లెష్ సూత్రం. వాక్యంలో ఎన్ని మాటలున్నాయి, మాట పలకడానికి ఎంత పొడవుంది అన్నదే దాని లెక్క, అదీ ఇంగ్లీషు కోసం కట్టింది. తెలుగులో 'వేసుకోకూడదు' ఆరక్షరాల మాట, ఆ లెక్కన కష్టమైనది. చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది మరి! కాబట్టి ఇంగ్లీషు జవాబుకు వచ్చిన మార్కులు చూపించి తెలుగు జవాబూ బాగానే ఉందంటే ఒప్పుకోలేం. పదో తరగతి దాకా చదివిన మనిషికి ఆ జవాబు ఇచ్చి, "ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అని అడిగి చూడాలి. అర్థమైందా అని అడిగితే అందరూ తలూపుతారు.

పిల్లల విషయంలో ఇంకా భయం. వృషణం మెలిక పడితే ఒక్కసారిగా భరించలేని నొప్పి వస్తుంది. ఎక్కువగా ఎదిగే వయసు మగపిల్లల్లో చూస్తాం. రక్తం అందదు కాబట్టి ఆరు గంటల్లోపు సరిచేస్తే దక్కే అవకాశం బాగా ఉంటుంది, ఆలస్యమయ్యేకొద్దీ తీసేయాల్సి రావచ్చు. చాట్‌బాట్ జాబితాలో ఇన్ఫెక్షన్, హెర్నియా, దెబ్బ, కిడ్నీలో రాయి, వాటి మధ్య ఇదీ ఒకటి. ఇంట్లో చెప్పడానికి సిగ్గుపడే పిల్లాడు అందులో తేలికైనదేదో తనకు అన్వయించుకుని తెల్లారేదాకా ఆగుతాడు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లమన్న మాట అన్నిటికన్నా ముందు రావద్దా? మాత్ర వేసుకున్నాక నాలుగు గంటలు దాటినా అంగం సడలకపోయినా అంతే.

అంగస్తంభన తగ్గడం కొందరిలో గుండెజబ్బుకు ముందస్తు సూచన కూడా. అక్కడి రక్తనాళాలు గుండెవాటికన్నా సన్నవి, ఇబ్బంది ముందు అక్కడే తెలుస్తుంది. మాత్ర పేరు చెప్పేముందు షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోమనాలి. షుగర్, బీపీ చూడటానికి దగ్గర్లోని సర్కారు నమ్మ క్లినిక్ చాలు. టెన్షన్ వల్లే అనిపిస్తే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. 2022లో మొదలైన ఆ సేవకు పెద్దదిక్కు మన బెంగళూరు నిమ్హాన్సే. నేను చూసిన జవాబుల్లో ఆ నంబరు లేదు.

కంపెనీలు ఎప్పుడు దిద్దుకుంటాయో గానీ, మీ పత్రిక ఒక పని చేయొచ్చు. ఆరోగ్యం పేజీలో వారానికో చాట్‌బాట్ జవాబును తీసుకుని, యూరాలజిస్టు చేత దిద్దించి, అసలుదీ దిద్దినదీ పక్కపక్కన అచ్చు వేయండి. సిల్డెనాఫిల్‌తో మొదలుపెడితే మా కౌంటర్ దగ్గర పని కొంత తేలికవుతుంది.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
మారతహళ్లి, బెంగళూరు