పాత తేదీ అడిగితే కొత్త చట్టం చూపిస్తున్నారు

చిత్తూరు

కస్టమర్ సేవా విభాగం మేనేజర్ గారికి,

అయ్యా,

నేను చిత్తూరు కోర్టుల్లో భూమి కేసులు చూసే న్యాయవాదిని. ఏ చట్టం, ఏ జీవో ఏ తేదీన ఎలా ఉందో చూపిస్తామన్న మీ మాట నమ్మి మీ చట్టాల వెబ్‌సైట్‌కు ఏడాది చందా కట్టాను. ఇవాళ్టి చట్టం ఎక్కడైనా దొరుకుతుంది. నేను డబ్బు కట్టింది పాతదాని కోసం.

మా దగ్గరికి వచ్చే తగాదాల్లో డీకేటీ పట్టాలవే (ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన, అంటే కేటాయించిన భూముల పట్టాలు) ఎక్కువ. వాటిలో పట్టా ఎప్పుడు ఇచ్చారన్నదే ప్రాణం. అసైన్‌మెంట్ భూమిని అమ్మకూడదన్న షరతు మా ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18 నాటి జీవో 1142తో వచ్చింది. అంతకు ముందు పట్టాలకు అది వర్తించదు. ఈ భూముల బదిలీలను నిషేధించే చట్టం 1977లో వచ్చింది. పట్టా ఇచ్చి ఇరవై ఏళ్లు దాటితే పట్టాదారులు అమ్ముకునే వీలు 2023 సవరణతో కలిగింది.

పోయిన నెల ఒక రైతు తన తాతకిచ్చిన 1952 పట్టా తెచ్చాడు. భూమిని రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో పెట్టడంతో రిజిస్ట్రేషన్ కావట్లేదు. మీ వెబ్‌సైట్‌లో తేదీ గడిలో 1952 వేస్తే 1977 చట్టం వచ్చింది, అదీ 2023 సవరణ కలిపేసి! జూనియర్ అదే ప్రింట్ తీసి ఫైల్లో పెట్టాడు, నేనూ సరిచూసుకోలేదు. ఈ క్లాజు ఎప్పుడు చేరిందని ఎదుటి వకీలు అడిగితే చెప్పలేకపోయాను. మీ పేజీలో ‘సవరించబడింది’ అన్న ఒక్క మాటే ఉంది. సవరణ చట్టం నంబరు లేదు, తేదీ లేదు. వాయిదా పడింది. ‘కేసు పోయిందా మేడమ్?’ అని ఆ రైతు వరండాలో అడిగినప్పుడు నాకు చాలా బాధేసింది.

తర్వాత నాలుగు రోజులు రికార్డు గదుల్లో, సీనియర్ల బీరువాల్లో వెతికితే జీవో ప్రతి దొరికింది. 22ఏ సెక్షన్‌దీ ఇదే కథ. 1999లో చేర్చిన పాఠం వేరు, 2007లో తెచ్చింది వేరు. మీ దగ్గర రెండోది మాత్రమే ఉంది. ఫోన్ చేస్తే ‘లేటెస్ట్ వెర్షన్ ఉంది కదా’ అన్నారు.

ప్రతి సవరణకూ పాత పాఠం, కొత్త పాఠం, గెజిట్ తేదీ, అమలు తేదీ విడివిడిగా చూపించండి. మీ దగ్గర లేని కాలానికి ‘లేదు’ అని రాయండి, ఇవాళ్టి పాఠంతో నింపకండి. నా చందా తిరిగి ఇవ్వండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే ఇక్కడి వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను.

ఆ రైతు వాయిదా వచ్చే నెలలో ఉంది. జీవో 1142ను ఆలోపే ఎక్కించండి.

ఇట్లు,
ఒక న్యాయవాది