ఏ సాఫ్ట్‌వేర్ అని అడిగావుగా

ఒరేయ్ బావా,

"ఇంట్లో రికార్డింగు మొదలెడుతున్నాను, ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోమంటావు?" అని ఒక్క ముక్కలో అడిగి ఊరుకున్నావు. జవాబు కూడా ఒక్క ముక్కే: రీపర్ వేసుకో. కానీ ఎందుకో తెలియకుండా వేసుకుంటే వారం తిరక్కుండానే ఇంకోదాని మీదికి మనసు పోతుంది, ఆ పైవారం మరోటి. నువ్వు ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చుంటావు, పాట అక్కడే ఉంటుంది. అందుకని తీరిగ్గా చదువు.

ముందు ఒక భ్రమ వదిలించుకో. "ఫలానాదాంట్లో సౌండు నిండుగా వస్తుంది" అనేవాళ్లు నీకు చాలామంది తగులుతారు. ట్రాకులు కలపడమంటే ఉత్త కూడిక రా. ఇప్పుడొచ్చే సాఫ్ట్‌వేర్లు ఆ కూడికని 32 బిట్ ఫ్లోట్‌లోనో 64లోనో (దశాంశాలతో చాలా కచ్చితంగా లెక్కించే పద్ధతులు) చేస్తాయి, ఎవరు కూడినా మొత్తం అదే. నమ్మకపోతే అవే వేవ్ ఫైళ్లని ఎఫెక్టులేవీ లేకుండా రెండింట్లోనూ ఎక్స్‌పోర్టు చేసి, ఒకదాని పొలారిటీ తిరగేసి (అంటే తరంగాన్ని తలకిందులు చేసి), రెంటినీ కలిపి వాయించు. నిశ్శబ్దమే. ఏదైనా వినపడిందంటే చాలావరకు అది "పాన్ లా" తేడా, అంటే శబ్దాన్ని ఎడమకీ కుడికీ పంచేటప్పుడు నడిమధ్యన ఎంత తగ్గించాలనే నియమంలో తేడా. నడిమధ్యలో ఉన్న ట్రాకుని ఒకటి ఉన్నదున్నట్టు వదిలేస్తుంది, ఇంకోటి 3 డెసిబెల్స్ తగ్గిస్తుంది. అంతోటిదానికి జనం ఏళ్ల తరబడి కొట్టుకుంటున్నారు.

మరి దేన్ని చూడాలీ అంటే రెండే. ఒకే చరణం ఆరుసార్లు పాడితే ఆ ఆరు టేకుల్ని ఎలా సర్దిపెడుతుంది, నీ ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటరుకి కలిపే పెట్టె) డ్రైవరుతో, అంటే ఆ పెట్టెని కంప్యూటరుతో మాట్లాడించే ప్రోగ్రాముతో, ఎలా కాపురం చేస్తుంది. ఇంట్లో నువ్వే గాయకుడివి, నువ్వే ఇంజనీరువి కాబట్టి మొదటిది మరీ ముఖ్యం.

రీపర్‌లో అదెలాగో చెప్తాను. చరణం పొడుగునా టైమ్‌లైన్ మీద మౌస్‌తో లాగి సెలెక్టు చేసి, రిపీట్ నొక్కి, రికార్డు మొదలెట్టు. ఆపకుండా ఆరుసార్లు పాడెయ్. ఆపేసరికి ఆరు టేకులూ ఒకే ట్రాకులో ఒకదాని కింద ఒకటి ఉంటాయి. 2023లో వచ్చిన ఏడో వెర్షన్ నుంచి వాటిని వరసలుగా పరుచుకుని, మొదటి పాదం రెండో టేకులోంచి, రెండో పాదం అయిదోదాంట్లోంచి, ఇలా మౌస్‌తో గీసి ఏరుకోవచ్చు. యాపిల్ వాళ్ల లాజిక్‌లోనూ ఇంత సుఖంగానే ఉంటుంది.

అతుకు ఎక్కడ పెట్టాలన్నది మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు. ఊపిరి తీసుకునే చోట పెట్టు. లేదా క, ట, ప లాంటి పరుషాల ముందు పెట్టు. ఆ అక్షరం పలికే ముందు నోట్లో గాలి దారి మూసుకుపోయి ఒక్క క్షణం శబ్దం ఆగుతుంది, అతుకు అందులో దాక్కుంటుంది. సాగదీసిన అచ్చు మధ్యలో కోశావా, శ్రుతి వెంట్రుకవాసి తేడా ఉన్నా దొరికిపోతావు. ప్రతి అతుకు మీదా 10 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒక ముక్క తగ్గుతూ ఇంకోటి పెరుగుతూ కలవడం) ఉండాలి, లేకపోతే టిక్కుమంటుంది. ఊపిరి చప్పుడు బాగాలేదని మొత్తం చెరిపేస్తే మాత్రం ఆ మనిషి నీళ్లలో మునిగి పాడినట్టుంటుంది, కాస్త తగ్గించి వదిలెయ్.

ఇక డ్రైవరు సంగతి. విండోస్‌లో అయితే ఇంటర్‌ఫేస్ తయారుచేసినవాళ్లే ఇచ్చే ఆసియో (ASIO, ఆలస్యం తక్కువగా ఉండే రకం) డ్రైవరు వేసుకో. ఆసియో4ఆల్ అనేది మామూలు విండోస్ డ్రైవరుకి పైన వేసే ముసుగు, వేరే గతి లేనప్పుడే దాని జోలికెళ్లు. మ్యాక్‌లో ఆ పని చేసే కోర్ ఆడియో సిస్టంలోనే ఉంది గనక ఈ బాధ తక్కువ. రెండు యూఎస్‌బీ మైకులు కొని ఒకేసారి వాడదామని మాత్రం అనుకోకు. దేని గడియారం దానిది. రెంటి మధ్యా పది లక్షల్లో 50 వంతుల తేడా ఉందనుకో, అయిదు నిమిషాల పాట చివరికొచ్చేసరికి 15 మిల్లీసెకన్లు ఎడం పడుతుంది. మొదట్లో సరిగ్గానే వినిపించి చివర్లో చెడుతుంది కాబట్టి తప్పెక్కడుందో తెలియక జుట్టు పీక్కుంటావు. రెండు ఇన్‌పుట్లున్న ఇంటర్‌ఫేస్ ఒకటి తీసుకో, ఆ గొడవే ఉండదు.

బఫర్ (కంప్యూటరు శబ్దాన్ని ఒక్కో విడతలో పోగేసుకునే ముక్క) లెక్క నోటికి వచ్చి ఉండాలి: బఫర్ సైజుని శాంపిల్ రేటుతో, అంటే శబ్దాన్ని సెకనుకి ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ అంకెతో, భాగిస్తే ఆలస్యం ఎంతో వస్తుంది. 48,000 దగ్గర 128 అంటే 2.7 మిల్లీసెకన్లు. రానూపోనూ, కన్వర్టర్లతో కలిపి దానికి రెట్టింపు పైన వేసుకో. ధ్వని ఒక మిల్లీసెకనులో 34 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి, 10 మిల్లీసెకన్లంటే మూడున్నర మీటర్ల అవతల ఉన్న స్పీకర్లో వింటున్నట్టు. గిటారుకి పర్వాలేదు. పాడేవాడికి మాత్రం తన గొంతు తలలోంచి ముందూ హెడ్‌ఫోన్‌లోంచి తర్వాతా వచ్చి, రెండూ కలిసి డొల్లగా వినిపిస్తుంది. కాబట్టి రికార్డింగప్పుడు 64 లేదా 128, మిక్సింగప్పుడు 1024. తక్కువ బఫర్‌లో చిటపటలు వినిపిస్తే ముందు వైఫై ఆపి చూడు, యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా గుచ్చు. బఫర్ 128లో ఉన్నా గొంతు ఆలస్యంగా వస్తోందంటే మాస్టర్ ట్రాకు మీద లీనియర్ ఫేజ్ ఈక్యూనో, ముందుచూపున్న లిమిటరో, ఇలా ఆలస్యం పెంచే ఎఫెక్టు ఏదో పెట్టి మర్చిపోయి ఉంటావు. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ మీట (నీ గొంతుని కంప్యూటరు దాకా పోనివ్వకుండా నేరుగా హెడ్‌ఫోన్‌కి పంపేది) ఉంటే అదే వాడి, సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాకు మానిటరింగు ఆపెయ్. రెండూ నడిస్తే ఒకే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది.

మిగతావాటి సంగతి గబగబా చెప్పేస్తాను. మ్యాక్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ ఊరికే వస్తుంది, అందులో చేసింది రేపు లాజిక్‌లో తెరుచుకుంటుంది. కాకపోతే 44,100 రేటు తప్ప వేరేది ఒప్పుకోదు. ప్రో టూల్స్ ఇంట్రో ఉచితమే కానీ ఆడియో ట్రాకులు ఎనిమిదే, ప్లగిన్లు (విడిగా చేర్చుకునే ఎఫెక్టులు, వాయిద్యాలు) ఏఏఎక్స్ అనే రకమే కావాలి. ఏబుల్‌టన్ లైవ్ లూపులు పేర్చి పాట కట్టేవాళ్లకి బంగారం, నిలబడి పాడేవాడికి అంత అవసరం లేదు. ఆడాసిటీ మంచిదే, అయితే అది మాట్లాడింది రికార్డు చేసి కత్తిరించుకోవడానికి. మిడి (కీబోర్డు మీద ఏ స్వరం ఎప్పుడు నొక్కావో రాసుకునే పద్ధతి) రికార్డింగు లేదు, పాట నడుస్తుండగా ఎఫెక్టులు మార్చే వీలు కూడా 2022లో 3.2 వెర్షన్‌తోనే వచ్చింది. లినక్సు మీద ఆర్డర్ (Ardour) అనే సాఫ్ట్‌వేర్ ఉంది. క్యూబేస్, స్టూడియో వన్ దేనికీ తీసిపోవు. నీతో రోజూ కూర్చుని పనిచేసే మనిషి వాటిలో ఏదైనా వాడుతుంటే, నేను చెప్పిందంతా పక్కనపెట్టి అదే వేసుకో. పక్కనే ఉండి చూపించేవాడికి ఏ ఫీచరూ సాటిరాదు.

రీపర్‌కీ లోపాలున్నాయి. వాయిద్యాలేవీ చెప్పుకోదగ్గవి వెంట రావు, పియానో, డ్రమ్ములు నువ్వే విడిగా తెచ్చుకోవాలి. మెనూలు చూస్తే అడవి. మొదటి రెండ్రోజులూ ఏది ఎక్కడుందో వెతుక్కోవడంతోనే సరి. కానీ 60 రోజులు పూర్తి సాఫ్ట్‌వేరు వాడి చూసుకోవచ్చు, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. లైసెన్సు కొంటే ఆ వెర్షనుతో పాటు తర్వాతి పెద్ద వెర్షనూ వస్తుంది. పాత ల్యాప్‌టాప్ మీద కూడా రొప్పకుండా పరిగెడుతుంది.

వేసుకున్నాక మొదటి పని: ఒక్క అక్షరం రికార్డు చేయకముందే ప్రాజెక్టు సేవ్ చెయ్. సేవ్ చేసేటప్పుడు ప్రాజెక్టుకి విడిగా ఫోల్డరు తయారుచేసే గడికి టిక్కు పెట్టు. లేకపోతే ఫైళ్లన్నీ ఎక్కడో డాక్యుమెంట్స్‌లో చేరతాయి, ప్రాజెక్టు ఇంకో డిస్కుకి మార్చిన రోజు ట్రాకులన్నీ ఖాళీగా కనిపిస్తాయి. రేటు ఇంటర్‌ఫేస్‌లోనూ ప్రాజెక్టులోనూ 48,000 అనే ఒకటే పెట్టు. 44,100లో పాడింది 48,000లో వాయిస్తే, ఒకటో శ్రుతి పాట ఒకటిన్నరకీ రెండుకీ మధ్యెక్కడో ఎక్కి కూర్చుంటుంది, అయిదు నిమిషాలది 4 నిమిషాల 36 సెకన్లకే అయిపోతుంది. లోతు 24 బిట్. గట్టిగా పాడినప్పుడు మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర తాకితే చాలు, ఎరుపు దాకా తోలకు. చోటు మాటకొస్తే, మోనో ట్రాకుకి నిమిషానికి 8.64 మెగాబైట్లు, ఎనిమిది ట్రాకులు అయిదు నిమిషాలైతే సుమారు 346. టేకులు ఆరేసి ఉంటే ఆరింతలు.

డ్రైవరు చెప్పే ఆలస్యం నిజమో కాదో తేలడానికి ఒక పరీక్ష చేసి నాకు రాయి. ఇంటర్‌ఫేస్ ఔట్‌పుట్ ఒకటి నుంచి ఇన్‌పుట్ ఒకటికి కేబుల్ పెట్టు. 48 వోల్టుల మీట (కండెన్సర్ మైకులకి కరెంటిచ్చేది), డైరెక్ట్ మానిటర్, రికార్డయ్యే ట్రాకు మానిటరింగు మూడూ ఆపి ఉండాలి, లేకపోతే ఊళ తప్పదు. ఒక ట్రాకులో టక్ అనే చిన్న శబ్దం పెట్టి, ఇంకో ట్రాకులో దాన్నే రికార్డు చెయ్. రెంటినీ బాగా జూమ్ చేసి చూడు. ఒకే గీత మీద ఉంటే డ్రైవరు నిజం చెబుతున్నట్టే. 60, 70 శాంపిళ్లు వెనకబడితే ప్రిఫరెన్సెస్‌లో ఆడియో కింద రికార్డింగ్ పేజీకెళ్లి, మాన్యువల్ ఆఫ్‌సెట్ గడిలో ఆ అంకె వేసి మళ్లీ రికార్డు చెయ్. ఎడం రెట్టింపైతే అంకెకి ముందు మైనస్ పెట్టు. బఫర్ 128లో ఒకసారి, 1024లో ఒకసారి చేసి, ఎన్నేసి శాంపిళ్లు వచ్చాయో, ఇంటర్‌ఫేస్ ఏదో రాసి పంపు. రెండు అంకెలూ వేరువేరుగా వస్తే డ్రైవరు కొత్త వెర్షను ఉందేమో చూసి అది వేశాకే పాట మొదలెట్టు.

నీ బావ