2024-25 వార్షిక నివేదిక: పంపుహౌసులో జంట ట్రాన్స్‌ఫార్మర్ల నిర్వహణ

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

గుండ్లకమ్మ ఒడ్డునున్న మన ఎత్తిపోతల పథకంలో ఈ ఏడాది పూడికతీత, డెలివరీ తొట్టి మరమ్మతు, నీటి వంతుల ఖరారు ఎప్పటిలాగే జరిగాయి. వాటి ఖర్చులు జమాఖర్చుల పట్టికలో ఉన్నందున ఇక్కడ మళ్లీ రాయడం లేదు. రెండు ట్రాన్స్‌ఫార్మర్లను సమాంతరంగా కలిపి (లోడును రెండూ పంచుకునేలా) నడపడం మాత్రం మనకు కొత్త పని. దాని మీద సర్వసభ్య సమావేశంలో ఎన్నో ప్రశ్నలు వచ్చాయి కనుక వివరంగా నివేదిస్తున్నాం.

ఇంతకుముందు ఒక్కో 250 కేవీఏ (మోయగల విద్యుత్ లోడుకు కొలత) ట్రాన్స్‌ఫార్మరు కింద రెండేసి 100 హెచ్‌పీ మోటార్లు విడివిడిగా నడిచేవి. మిర్చికి, మొక్కజొన్నకు తడి అవసరమైన రోజుల్లో మూడు మోటార్లు వేస్తే ఒకదాని మీద సుమారు 190 కేవీఏ, రెండోదాని మీద 95 కేవీఏ లోడు పడేది. కలిపి నడిపితే చెరి 142 కేవీఏ దాకా వస్తుంది. చుట్లలో వేడిగా పోయే నష్టం లోడు వర్గాన్ని (లోడును లోడుతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుంది కాబట్టి ఈ సర్దుబాటుతోనే ఆ నష్టం పదో వంతు తగ్గుతుంది. దానికంటే రైతుకు ఎక్కువ అక్కరకొచ్చేది మరొకటి ఉంది. రెండో మోటారు ఎత్తుకునేటప్పుడు వోల్టేజీ పడిపోయి, అప్పటికే తిరుగుతున్న మోటారు కూడా ఆగిపోయే బాధ ఇప్పుడు బాగా తగ్గింది.

రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఒకే సైజువి అయినంత మాత్రాన కలపడం కుదరదు. వోల్టేజీ నిష్పత్తి, పొలారిటీ (చుట్ల కొసల దిశ), ఫేజుల వరుస, వెక్టర్ గ్రూపు (రెండు వైపుల చుట్ల అమరికను, వోల్టేజీల మధ్య కోణాన్ని తెలిపే గుర్తు) ఒకటే కావాలి. ఇంపీడెన్సు (కరెంటును అడ్డుకునే గుణం) శాతం దాదాపు సమానంగా ఉండాలి. మన రెండింటి నేమ్‌ప్లేట్ల మీదా 11 కేవీ/433 వోల్టులు, వెక్టర్ గ్రూపు డీవైఎన్ 11, ఇంపీడెన్సు 4.5 శాతం అని ఉంది. ఇంపీడెన్సు ఒకదానికి 4, ఇంకోదానికి 5 శాతం ఉంటే తక్కువ ఉన్నదే ఎక్కువ లోడు లాగేసుకుంటుంది. అది నిండా 250 కేవీఏ మోసే వేళకు రెండోది 200 దగ్గరే ఉంటుంది, అంటే 500 బదులు 450 కేవీఏ మాత్రమే వాడుకోగలం.

నేమ్‌ప్లేటు చూసి సరిపెట్టుకోకుండా, కప్లర్ బ్రేకరు (రెండింటి 433 వోల్టుల వైపులను కలిపే స్విచ్) వేసేముందు దాని రెండు కొసల మధ్య వోల్టేజీ కొలిపించాం. ఒకే ఫేజు కొసల మధ్య సున్నా రావాలి. అక్కడ 433 వస్తే ఫేజులు తారుమారైనట్టు, 129 దాకా వస్తే వెక్టర్ గ్రూపులో 30 డిగ్రీల తేడా ఉన్నట్టు. ఆ స్థితిలో బ్రేకరు వేయడమంటే షార్ట్ సర్క్యూట్‌ను కోరి తెచ్చుకోవడమే. మన మీటరు మూడు ఫేజుల్లోనూ 6 వోల్టుల పైచిలుకు చూపింది. కారణం వెతికితే, మరమ్మతుకు వెళ్లి వచ్చిన ట్రాన్స్‌ఫార్మరులో ట్యాప్ స్విచ్ (చుట్ల సంఖ్య మార్చి వోల్టేజీ సర్దే స్విచ్) ఒక మెట్టు తేడాగా ఉంది. ఆ మెట్టు విలువ 2.5 శాతం. అలాగే కలిపేసి ఉంటే, ఒక్క మోటారు తిరగకపోయినా రెండింటి మధ్య సుమారు 93 ఆంపియర్ల కరెంటు ఊరికే సుడి తిరిగేది. ఆ ట్రాన్స్‌ఫార్మరుకు రెండు వైపులా సరఫరా ఆపి, ట్యాప్ సరిచేశాకే బ్రేకరు వేశారు.

రెండు 250లు కలిస్తే 500 కదా, ఐదో మోటారు ఎందుకు పెట్టకూడదని కొందరు సభ్యులు అడిగారు. నాలుగు మోటార్లకే 380 కేవీఏ దాకా అవుతోంది. ఒక ట్రాన్స్‌ఫార్మరు పడిపోతే ఆ లోడంతా క్షణంలో రెండోదాని మీదకు వచ్చి అదీ ట్రిప్పవుతుంది. అందుకే ఒకటి పడిన వెంటనే రెండు మోటార్లు వాటంతటవే ఆగేలా రిలే (లోపాన్ని పసిగట్టి స్విచ్ తీయించే పరికరం) పెట్టించాం; మిగిలిన రెండు మోటార్లతో చివరి భూములకు నీరు అందుతూనే ఉంటుంది. ఆ భద్రతను ఐదో మోటారు కోసం వదులుకోవడం మంచిది కాదని కార్యవర్గం భావించింది.

కలిపి నడిపేటప్పుడు షార్ట్ సర్క్యూట్ కరెంటు కూడా రెట్టింపవుతుంది. ఒక్కదాని నుంచి దాదాపు 7,400 ఆంపియర్లు వచ్చేచోట ఇప్పుడు 14,800 రావచ్చు. దాన్ని తట్టుకోలేని పాత బ్రేకర్లు మార్చాం. ఈ ఏడాది పెద్ద ఖర్చు అదే.

అన్నిటికంటే ముఖ్యమైనది ప్రాణరక్షణ. ఒక ట్రాన్స్‌ఫార్మరు ఏబీ స్విచ్ (11 కేవీ వైపు సరఫరా ఆపే స్విచ్) తీసినా, కింద ఎల్‌టీ (433 వోల్టుల) వైపు కలిసే ఉంటే రెండోదాని నుంచి వచ్చే 433 వోల్టులు దానిలో వెనక్కి ఎక్కి పైన 11 కేవీగా మారతాయి. చచ్చిన లైనే కదా అని బుషింగు (తీగ బిగించే పింగాణీ కొమ్ము) ముట్టుకున్నవాడు బతకడు. కాబట్టి ముందు ఎల్‌టీ బ్రేకరు, తర్వాతే ఏబీ స్విచ్ తీయాలి. సరఫరా ఇచ్చేటప్పుడు ముందు ఏబీ స్విచ్, తర్వాత ఎల్‌టీ బ్రేకరు వేయాలి. ఈ వరుస తప్పకుండా తాళంచెవి ఇంటర్‌లాక్ పెట్టించాం. ఎల్‌టీ బ్రేకరు తీస్తేగాని ఏబీ స్విచ్ తాళంచెవి ఊడిరాదు. దానికి మారుచెవి చేయించమని పంపు ఆపరేటరును ఎవరూ ఒత్తిడి చేయవద్దని సభ్యులను కోరుతున్నాం. హెచ్‌జీ ఫ్యూజు (11 కేవీ వైపు ఫ్యూజు) పోతే ఎంత అత్యవసరమైనా లైన్‌మన్ వచ్చి, రెండు వైపులా ఎర్త్ వేసే వరకు ఎవరూ దిమ్మె ఎక్కకూడదు.

వచ్చే సీజను మొదలయ్యేలోగా రెండు ట్రాన్స్‌ఫార్మర్ల నూనె పరీక్ష, సిలికాజెల్ (లోపలికి తేమ చేరకుండా ఆపే గుళికలు) మార్పిడి, ఎర్తింగ్ కొలత పూర్తిచేయాలని కార్యవర్గం తీర్మానించింది. అందుకయ్యే ఖర్చును సభ్యుల ఆమోదం కోసం బడ్జెట్ ప్రతిపాదనలో చేర్చాం.