అటవీ శాఖ మంత్రి గారికి: తుమ్మ దుబ్బు నేలలోనే ఉంది సార్

గౌరవనీయులైన రాష్ట్ర అటవీ శాఖ మంత్రి గారికి నమస్కారం.

రాయలసీమలో ఒక గడ్డిభూముల అభయారణ్యంలో గడ్డిని కమ్మేస్తున్న సర్కారు తుమ్మ చెట్లను తీసే పనికి అవుట్‌సోర్సింగ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఏ అభయారణ్యమో రాయడం లేదు, రాస్తే నాకంటే ముందు నాతో పనిచేసే కూలీల పని పోతుంది. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీలు ఇచ్చాం, పై ఆఫీసుకు పోస్టులో పంపాం. మీ సమస్య పరిష్కరించబడింది అని ఫోనుకు మెసేజ్ వచ్చింది కానీ మా దగ్గరికి వచ్చి ఏమిటయ్యా మీ బాధ అని అడిగిన మనిషి ఒక్కరూ లేరు. అందుకే అందరూ చదివేలా రాయాల్సి వస్తోంది, దయచేసి తప్పుగా అనుకోవద్దు.

తుమ్మ తీసే ఈ పనికి నిధులు ఏ పద్దు కింద వస్తాయో, ఎవరి సంతకంతో కదులుతాయో నాకంటే మీకే బాగా తెలుసు. తక్కువ ఇస్తున్నారని కూడా నేను అనడం లేదు. నేను చెప్పేది ఒక్కటే సార్, ఆ డబ్బు వచ్చే నెల తప్పు.

మా దగ్గరికి అది సంక్రాంతి దాటాక వస్తుంది. మార్చి 31 లోపు ఖర్చు చూపించాలి. ఆ నెలల్లో మా నేల ఎలా ఉంటుందో మీరు ఒక్కసారి చూడాలి. నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంటుంది, ఎర్రనేల బండలాగా బిగుసుకుపోయి ఉంటుంది, గడ్డపార వేస్తే పైపెచ్చు లేస్తుందే తప్ప లోపలికి దిగదు. తుమ్మ చావాలంటే చెట్టు మొదలు (దాన్నే దుబ్బు అంటాం) చుట్టూ తవ్వి, నేల లోపల జానెడు లోతున వేరు తెంచాలి, ఎందుకంటే చిగురు లేచే కణుపులు ఆ మొదట్లోనే ఉంటాయి. ఆ లోతుకు పోలేక పైపైన గొడ్డలితో నరికేస్తున్నాం. నరికిన చెట్టు చావదు సార్. ఒక్క కాండం పోయిన చోట నాలుగైదు లేస్తాయి, నేలబారుగా, గుబురుగా, ముందుకంటే దట్టంగా. అంటే మనం డబ్బు పెట్టి తుమ్మను పెంచుతున్నాం. ఈ మాట నేను కోపంలో అనడం లేదు, రోజూ కళ్లతో చూసి అంటున్నాను.

పోనీ జేసీబీ పెడదాం అంటారు. పెట్టారు కూడా. వేరు వస్తుంది, నిజమే, దాంతోపాటు గడ్డి కూడా వస్తుంది. పైమట్టి అంతా తిరగబడుతుంది, ఆ మట్టిలో మొదట మొలిచేది బోద గడ్డి కాదు, వయ్యారిభామ అనే కలుపు మొక్క. దాన్ని పీకేటప్పుడు మా ఆడకూలీలకు చేతులంతా దద్దుర్లు, దురద, ఒకటే దగ్గు. గ్లౌజులు అడిగితే, కావాలని పైకి ఇండెంట్ రాసి పెట్టాం అంటారు. ముల్లు రబ్బరు చెప్పును దాటుకొని పాదంలో దిగి చీము పట్టినా ఆ రోజు కూలీ పోతుందని కుంటుకుంటూ వచ్చేవాళ్లు ఉన్నారు. బూట్ల సంగతి మళ్లీ మళ్లీ రాసి నాకే విసుగొచ్చింది, వదిలేస్తున్నాను.

అసలు విషయానికి వస్తాను. జూన్, జులైలో నాలుగు వానలు పడ్డాక వచ్చి చూడండి. అదే నేల మెత్తబడుతుంది. గడ్డపార సులువుగా దిగుతుంది, మొన్న నరికిన మోడుకు పచ్చని చిగురు కనిపిస్తూ ఉంటుంది కాబట్టి వెతుక్కునే పని కూడా లేదు. కొత్తగా మొలిచిన మొక్కలైతే రెండు వేళ్లతో పీకితే వేరుతో సహా వచ్చేస్తాయి. ఎండాకాలంలో రాలిన తియ్యటి కాయలను గొర్రెలు, మేకలు, జింకలు తింటాయి, విత్తనం చెడకుండా పేడలో, పెంటికల్లో బయటపడుతుంది, తొలి వానకు మొలుస్తుంది. ఆ ఏడాది పీకకపోతే మరుసటి ఏడాదికి ముల్లు గట్టిపడి మనిషి దగ్గరికి పోలేడు. కాబట్టి అసలు పని చేయాల్సిన కాలం అదే. ఆ కాలంలో మా దగ్గర పైసా ఉండదు. అడిగితే కొత్త ఏడాది ప్లాన్ ఇంకా పాస్ కాలేదు, ఆగండి అంటారు. మా సారు మంచివారే, ఆయన జేబులోంచి డబ్బు తీసి రెండు రోజులు పని చేయించిన సందర్భాలు ఉన్నాయి. ఒక ప్రభుత్వ పని ఒక చిన్న ఉద్యోగి జేబు మీద నడవాలా సార్?

మనుషుల సంగతి కూడా ఇంతే. ఫిబ్రవరి, మార్చిలో మా చుట్టుపక్కల ఊళ్లలో పని తెలిసినవాళ్లు సగం మంది గుంటూరు మిరపకోతల్లో ఉంటారు. వానలకు వాళ్లు తిరిగొస్తారు, అప్పుడు మా దగ్గర పని లేదు. ఏ లోతున వేరు తెంచాలో, గడ్డిని తొక్కకుండా ఎటు నడవాలో ఒక జట్టుకు నేర్పించేసరికి మార్చి అయిపోతుంది, మళ్లీ ఏడాది కొత్త మొహాలు. పోయిన సీజన్ కూలీ కొంతమందికి ఇంకా పడలేదు. వాళ్లు నన్ను రోడ్డు మీద ఆపి అడుగుతారు, మంత్రి గారిని అడగలేరు కదా. నేనేం చెప్పాలి?

ఇక ఫొటోలు. పని ముందు ఒకటి, పని తర్వాత ఒకటి తీసి యాప్‌లో ఎక్కించాలి, అది నా పనే. నరికిన సాయంత్రం తీసిన ఫొటోలో నేల శుభ్రంగా ఉంటుంది, బిల్లు పాస్ అవుతుంది. ఆగస్టులో అదే చోట నిలబడి మూడో ఫొటో తీయమని ఎవ్వరూ అడగలేదు. నేను తీసి పంపాను. జవాబు లేదు. హెక్టారుకు ఇంత అని కొలిచి డబ్బు ఇచ్చినంత కాలం ఏ కాంట్రాక్టరూ దుబ్బు జోలికి పోడు. ఆయనకు కావాల్సింది పైన కట్టె, బొగ్గు బట్టీకి పోయేది. మొదలు నేలలో ఉంటే ఇంకొన్నేళ్లకు మళ్లీ కట్టె, మళ్లీ టెండరు. బట్టీల మీద బతికే పేదవాళ్లను నేను తప్పు పట్టడం లేదు, వాళ్లకే ఆ పని ఇవ్వండి, కాకపోతే దుబ్బు తవ్వి చూపిస్తేనే కట్టె వాళ్లది అని షరతు పెట్టండి.

ఈ చెట్టు దానంతట అది రాలేదు సార్. 1870ల చివర్లో అప్పటి ప్రభుత్వం జమైకా నుంచి విత్తనాలు తెప్పించి మన కడప జిల్లా కమలాపురంలోనే నాటించింది. ప్రభుత్వం తెచ్చినదాన్ని తీయించే బాధ్యత కూడా ప్రభుత్వానిదే అని నేను నమ్ముతాను. తమిళనాడు 2022లో ఇలాంటి పరాయి మొక్కల మీద ప్రత్యేకంగా ఒక విధానమే తెచ్చుకుంది. అదే ఏడాది కేంద్రం వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి అందులో ఆక్రమణ జాతుల మాట చేర్చింది. మనకు ఇంకా మార్చి నెల బిల్లులే ఉన్నాయి.

మన రాయలసీమలోనే ఉన్న రోళ్లపాడు గురించి మీకు చెప్పక్కర్లేదు. 1988లో బట్టమేక పక్షి కోసమే దాన్ని అభయారణ్యం చేశారు, ఇప్పుడు ఆ పక్షి కనిపించడమే గగనం. దేశం మొత్తం మీద బయట స్వేచ్ఛగా తిరిగేవి 150 లోపే ఉంటాయంటున్నారు, అవీ ఎక్కువ రాజస్థాన్‌లోనే. ఆ పక్షి పోవడానికి కారణాలు చాలా ఉన్నాయి, తుమ్మ ఒక్కటే అని నేను అనను. కానీ అది నేల మీద ఒక్క గుడ్డు పెట్టి, చుట్టూ దూరం దాకా చూపు ఆనే చోట మాత్రమే నిలబడే పక్షి. తుమ్మ కమ్మిన చోటికి అది ఎలా వస్తుంది? అదే గడ్డిలో జింకలు, తోడేళ్లు, కంజు పిట్టలు ఇంకా ఉన్నాయి. లోపల గడ్డి లేకపోతే జింకలు రైతుల చేలల్లోకి పోతాయి, రైతులు మా మీదికి వస్తారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది.

మేం అడిగేది పెద్దది కాదు. మార్చిలో ఇచ్చే డబ్బులోనే సగం జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాడుకునేలా ఇవ్వండి. ఒకసారి తీసిన చోటే కనీసం మూడేళ్లు వరసగా పని చేయనివ్వండి, విత్తనం నేలలో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. బిల్లును నరికిన రోజు ఫొటో చూసి కాకుండా వానల తర్వాత నేల చూసి పాస్ చేయండి. నేర్చుకున్న జట్టును తీసేయకండి. బాకీ ఉన్న కూలీ ముందు ఇప్పించండి, మిగతావన్నీ ఆలస్యమైనా అది మాత్రం ఇప్పించండి.

ఆగస్టులో ఏ అభయారణ్యానికైనా ముందుగా చెప్పకుండా రండి సార్. చెబితే మీరు వచ్చే దారి పక్కన ఉన్న తుమ్మ అంతా ముందురోజు నరికించి శుభ్రం చేయిస్తారు.

ఇట్లు,
ఒక అవుట్‌సోర్సింగ్ టెక్నీషియన్,
రాయలసీమ