సెన్సర్ చెడితే స్మోకర్‌నే పారేయాలా?

సంపాదకులు గారికి నమస్కారం.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారి పెరళ్లలో ఎలక్ట్రిక్ స్మోకర్లు ఇప్పుడు తరచుగానే కనిపిస్తున్నాయి. చెక్క ముక్కల పొగలో మాంసాన్ని గంటల తరబడి నిదానంగా మగ్గబెట్టే ఈ కరెంటు పెట్టెను మిన్నెసోటాలో నేనూ మూడేళ్లుగా వాడుతున్నాను. అందులోని ఉష్ణోగ్రత సెన్సర్ తప్పు చూపితే ఎంత ప్రమాదమో, ఆ తప్పును ఇంట్లోనే ఎలా పట్టుకోవచ్చో చెప్పడానికే ఈ లేఖ.

గత వేసవిలో ఒక ఆదివారం కోడి తొడలు పెట్టాను. తెర మీద 250 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 121 సెల్సియస్, నిలకడగా కనిపించింది. మూడు గంటలు గడిచాక పైచర్మం చక్కగా రంగు తేలింది గానీ, మా ఆవిడ ఒక తొడ విరిచి చూస్తే ఎముక పక్కన కండ ఇంకా గులాబీ రంగులో, జిగురుగా ఉంది. మాంసంలో గుచ్చే థర్మామీటర్ 138 దగ్గర ఆగిపోయింది. కోడిమాంసం లోపల 165 డిగ్రీలు, అంటే 74 సెల్సియస్, చేరాలని, 40కీ 140కీ ఫారన్‌హీట్ మధ్య సూక్ష్మక్రిములు వేగంగా పెరుగుతాయని ఇక్కడి వ్యవసాయ శాఖ చెబుతుంది. పిల్లలు కంచాల ముందు కూర్చున్నా మొత్తం పారబోయక తప్పలేదు.

మర్నాడు ఖాళీ పెట్టెలో సెన్సర్ పక్కనే ఒక మామూలు ఒవెన్ థర్మామీటర్‌ను వేలాడదీశాను. తెర 250 అంటుంటే అది 185 చూపింది. సెన్సర్ మొనకు పట్టిన పొగమసిని సబ్బునీటి గుడ్డతో తుడిచినా తేడా తగ్గలేదు. అప్పుడు ప్లగ్గు తీసి, పెట్టె పూర్తిగా చల్లారాక, వెనక రేకు విప్పాను. ప్లగ్గు తీయకుండా ఆ రేకు జోలికి ఎవరూ పోవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను.

నా స్మోకర్‌లో ఉన్నది థర్మిస్టర్ రకం సెన్సర్. వేడి పెరిగేకొద్దీ దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. 25 సెల్సియస్ వద్ద 10 వేల ఓమ్‌లు ఉండే రకమైతే (ఓమ్ అంటే నిరోధానికి కొలత), నిరోధాన్ని కొలిచే మల్టీమీటర్ పెట్టి చూసినప్పుడు మంచు ముక్కల నీటిలో సుమారు 30 వేలు, మరిగే నీటిలో వెయ్యి లోపు చూపాలి. కొన్ని స్మోకర్లలో ప్లాటినం రకం ఉంటుంది. పీటీ1000 అనే ఆ రకానికి మంచునీటిలో 1000, మరిగే నీటిలో 1385 ఓమ్‌లు, అంటే లెక్క తలకిందులు. అందుకే ముందు ఏ రకమో తేల్చుకోవాలి. థర్మిస్టర్ తీగల మధ్య తడి, పొగజిడ్డు చేరి కరెంటు పక్కదారి పడితే నిరోధం తగ్గి, పెట్టె వేడెక్కిందనుకుని కంట్రోలర్ హీటర్‌ను ఆపేస్తుంది, మాంసం ఉడకదు. అతుకు దగ్గర చిలుము పట్టి నిరోధం పెరిగితే చల్లగా ఉందనుకుని హీటర్‌ను వదలకుండా మండిస్తుంది. నాకు జరిగింది మొదటిది: పెట్టె గోడలోంచి తీగలు బయటికి వచ్చే చోట పైతొడుగు పగిలి, రెండు తీగల మధ్య నల్లటి జిడ్డు పేరుకుని ఉంది.

అరచేతిలో పట్టే ఆ సెన్సర్ తీగ కోసం అమ్మిన దుకాణాన్ని అడిగితే, విడిగా రాదు, కొత్త స్మోకర్ కొనుక్కోమన్నారు. మిగతా భాగాలన్నీ నిక్షేపంగా పనిచేస్తున్న యంత్రాన్ని చెత్తలో పడేయమనడం నాకు చాలా బాధ కలిగించింది. మరమ్మతు హక్కు చట్టం ఈ రాష్ట్రంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉందని, విడిభాగాలు, మరమ్మతు వివరాలు వినియోగదారుడికి అందుబాటులో ఉంచాలని అది చెబుతోందని గుర్తుచేస్తూ తయారీదారుకు రాశాక, రెండు వారాలకు సెన్సర్ వచ్చింది. బిగించాక మళ్లీ ఒవెన్ థర్మామీటర్ పెట్టి చూస్తే తేడా ఐదు డిగ్రీలకు మించలేదు. మన దేశంలోనూ వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించింది కనుక, అక్కడి పాఠకులు కూడా విడిభాగం లేదన్న మాటను వెంటనే ఒప్పుకోనక్కర్లేదు.

తయారీదారులను నేను కోరేది ఒక్కటే. ఏ ఉష్ణోగ్రత వద్ద సెన్సర్ ఎన్ని ఓమ్‌లు చూపాలో తెలిపే పట్టికను స్మోకర్‌తో ఇచ్చే పుస్తకంలోనే అచ్చువేయండి. దానికి అర పేజీ చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు, మిన్నెసోటా