అర్ధరాత్రి నిండే ట్యాంకు

ఒరేయ్ శీనూ,

తిట్టుకో, ఎంత తిట్టుకున్నా పడతాను. నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్లయిందో లెక్క చూసుకోవడానికే సిగ్గుగా ఉంది. రేపు రాద్దాం, తీరిగ్గా రాద్దాం అనుకుంటూ... సరే, ఆ సంజాయిషీ కమిటీ ముందు ఇచ్చుకుంటాలే. జరిమానా పాత లెక్క ప్రకారమే, గోడ దూకడం మాత్రం ఈసారి నావల్ల కాదు.

మామూలు కబుర్లు గబగబా చెప్పేస్తా. అమ్మ మోకాళ్లు కాస్త నయం. పెద్దాడి పరీక్షలైపోయాయి, ఎలా రాశాడని మాత్రం అడక్కు. ఆఫీసు అలాగే ఉంది, మన 'దీర్ఘదర్శి'లాంటివాడు ఒకడు ఇక్కడా తయారయ్యాడు. అందరం బాగున్నాం. అయిపోయాయి. ఇప్పుడు అసలు సంగతి.

నేను ఫ్లష్ ట్యాంకు బాగుచేశాన్రా! నేనే, ఈ చేతుల్తోనే. నవ్వకు. హాస్టల్లో ఫ్యూజు వేసిన సంగతి ఇక్కడికి లాక్కురాకు, దానికీ దీనికీ సంబంధం లేదు.

మొదలెలా అయిందంటే, రాత్రి అందరూ పడుకున్నాక బాత్రూంలోంచి 'స్స్‌స్స్' అని చప్పుడు. ఎవరో ఫ్లష్ చేసి వచ్చినట్టు ట్యాంకు నిండుతోంది. కాసేపటికి ఆగిపోతుంది. అమ్మయ్య అనుకుని కళ్లు మూస్తే మళ్లీ మొదలు. వెళ్లి చూస్తే లోపల ఎవరూ ఉండరు. మా అమ్మయితే చీకటి పడ్డాక ఆ వైపు వెళ్లడమే మానేసింది. చిన్నది 'నాన్నా, దయ్యం కూడా చేతులు కడుక్కుంటుందా' అని అడిగింది. ఏం చెప్పను?

ప్లంబర్‌ని పిలిచాం. వచ్చాడు, ట్యాంకు మీద వేలితో టకటక కొట్టాడు, బటన్ నొక్కాడు, 'లోపలి సెట్టు మొత్తం పోయింది సార్, మార్చేయాలి. నన్నడిగితే కమోడే మార్చుకోండి, పాతబడింది' అన్నాడు. మూత కూడా తీయలేదురా! నిండుతోంది, ఆగుతోంది, మళ్లీ నిండుతోంది, ఎందుకలా అని అడిగితే 'పాతబడితే అంతే సార్' అన్నాడు. నాకు అక్కడ కాలింది. నిండి ఆగుతోందంటే నీళ్లు ఆపే భాగం సరిగ్గానే పనిచేస్తున్నట్టు కదా? మరి ఆగాక మళ్లీ ఎందుకు నిండాలి? లోపలి నీళ్లు ఎటో పోతుండాలి. ఈ ముక్క బుర్రలో పడ్డాక నాకు నిద్ర పట్టలేదు.

నువ్వూ విను, నీకూ పనికొస్తుంది (నీ సంగతికి తర్వాత వస్తా). ట్యాంకు చప్పుళ్లు రెండు రకాలు. ఆగకుండా సన్నగా 'స్స్‌స్స్' అంటూనే ఉంటే నీళ్లు లోపలికి వచ్చే వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదు, ఎక్కువైన నీళ్లు ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి కమోడ్‌లోకి పోతున్నాయి. మాలాగా ఆగి ఆగి వస్తుంటే నీళ్లు అడుగునుంచి జారిపోతున్నాయి, మట్టం తగ్గినప్పుడల్లా నీళ్ల మీద తేలే ఫ్లోటు కిందికి దిగి మళ్లీ నింపుతోంది. వినడానికి రెండూ ఒకేలా ఉంటాయి. మందు మాత్రం వేరు.

ఊరికే అనుకుంటే చాలదు కదా, రుజువు కావాలి. మూత తీశా. మాది పైన రెండు బటన్లుండే రకం. బటన్ చుట్టూ ఉండే రింగు మర తిప్పితే ఊడి వస్తుంది, అప్పుడు మూత లేస్తుంది. పింగాణీ మూత, పగిలితే అదే సైజుది విడిగా దొరకడం కష్టం. అందుకని కింద టవల్ పరిచి దాని మీద పెట్టా. ఇంకో మాట, ఆ నీళ్లలో చెయ్యి పెట్టడానికి మొదట మనసొప్పలేదు. తీరా చూస్తే అవి మామూలు కుళాయి నీళ్లేరా! కమోడ్‌లోకి దిగేదాకా వాటికి ఏ మైలా అంటదు. ఇన్నేళ్లూ ఆ డబ్బాని అనవసరంగా అనుమానించాను.

లోపల ఒక పక్క నీళ్లొచ్చే గొట్టం, దాన్ని పట్టుకుని ఫ్లోటు. నడుమ లావుపాటి ప్లాస్టిక్ స్తంభం, బటన్ నొక్కితే పైకి లేచి నీళ్లు వదిలేది అదే. ఓవర్‌ఫ్లో గొట్టం కూడా దాంట్లోనే. మొత్తం యంత్రాంగం ఇంతే. దీనికా ఇంత టెన్షన్ అనిపించింది.

గోడ దగ్గర యాంగిల్ కాక్, అదే ట్యాంకుకి నీళ్లు వదిలే చిన్న కుళాయి, కట్టేశా. లోపలి గోడ మీద నీటిమట్టం దగ్గర పెన్సిల్‌తో గీత గీశా. ఎవర్నీ ఫ్లష్ చేయొద్దని చెప్పి, పెద్దాణ్ణి గుమ్మం దగ్గర కాపలా పెట్టా (చదువు ఎలాగూ లేదు వాడికి). వచ్చి చూస్తే నీళ్లు గీతకి వేలెడు కిందికి దిగాయి! కాక్ కట్టేసి ఉంది కాబట్టి నీళ్లొచ్చే వాల్వు నిర్దోషి. మట్టం కదలకపోయి ఉంటే దోషి అదే అయ్యేది. ట్యాంకు అడుగున బోల్టుల దగ్గర పొడి కాగితం పెట్టి అద్ది చూశా, చెమ్మ లేదు. అంటే బయటికి కారడం లేదు, కమోడ్‌లోకే పోతోంది.

అయినా కళ్లారా చూడాలనిపించింది. పిల్లల రంగుల పెట్టెలోంచి నీలం రంగు కాస్త కలిపి ట్యాంకులో పోశా. ఒక అరగంట ఆగి కమోడ్‌లోకి వంగి చూస్తే, వెనక గోడ మీద దారంలాంటి నీలం చార, అంచు కింద నుంచి సన్నగా జారుతోంది. దొరికాడ్రా దొంగ! 'రండి, రండి' అని ఇంట్లో అందర్నీ పిలిచా. కమోడ్ చుట్టూ కుటుంబం మొత్తం గుండ్రంగా నిలబడి చూసిన రోజు అదొక్కటే అనుకుంటా. మా ఆవిడ మొహం చూడాల్సింది. 'పెళ్లిచూపులప్పుడు కూడా ఇంత సంతోషంగా లేరు' అంది. ఆ మాట పట్టించుకునే స్థితిలో లేను నేను.

తర్వాత మరమ్మతు. కాక్ ఎలాగూ కట్టే ఉంది. ఫ్లష్ చేసి, అడుగున మిగిలిన నీళ్లు స్పాంజితో పిండేశా. నడిమి స్తంభాన్ని పట్టుకుని ఎడమవైపు పావు చుట్టు తిప్పితే 'టక్' మని విడిపోయి పైకొచ్చింది. దాని అడుగున రబ్బరు వాషరు. వేలితో తడిమితే జారుడుగా ఉంది, వేలికి నల్లగా మసి అంటుకుంది. ఒక పక్క గట్టిపడి అంచు లోపలికి నొక్కుకుపోయింది. మూడు వేళ్ల మధ్య పట్టేంత లేదు, మమ్మల్నందర్నీ అన్ని రాత్రులు కూర్చోబెట్టింది ఇదేనా అనిపించింది.

ఎందుకలా అయిందో కూడా తేలింది. కొన్నాళ్లుగా మా ఆవిడ ట్యాంకులో శుభ్రత బిళ్లలు వేస్తోంది. క్లోరిన్ ఉన్న బిళ్లలు ట్యాంకులో నిలవుంటే రబ్బరును తినేస్తాయట, వాటి పెట్టె మీదే చిన్న అక్షరాల్లో ఉంది. ఆ సంగతి ఆవిడకి ఎంత సున్నితంగా చెప్పానో నీకు చెప్పను. చెప్పాక భోజనాల బల్ల దగ్గర వాతావరణం ఎలా ఉందో అసలే చెప్పను. కావాలంటే బిళ్ల కమోడ్ అంచుకి తగిలించే రకం వాడొచ్చు, అది రబ్బరు జోలికి పోదు.

పాత వాషరు జేబులో వేసుకుని కొత్తది కొనడానికి వెళ్లా. అది చేతిలో ఉండటమే మంచిదైంది. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి కానీ, కొలతలో నూలుపోగంత తేడా ఉన్నా కూర్చోదు. తెచ్చి బిగించా, కాక్ విప్పా, నిండాక మళ్లీ కట్టేసి కొత్త గీత గీశా. మళ్లీ దిగింది! తక్కువే, కానీ దిగింది. మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధగా ఉంది.

మళ్లీ విప్పా. ఈసారి వాషరు కూర్చునే గట్టు చుట్టూ కళ్లు మూసుకుని వేలు తిప్పా. కంటికి ఏమీ కనపడలేదు కానీ ఒకచోట గరగరలాడింది. ఉప్పునీళ్ల సున్నం గారకట్టింది. వాషరు ఎంత కొత్తదైనా ఆ గరుకు మీద అతకదు కదా. వెనిగర్‌లో గుడ్డ తడిపి దాని మీద కాసేపు వేసి, మెత్తటి నైలాన్ పీచుతో రుద్దా. ఇనుప పీచు వాడకు, ప్లాస్టిక్ మీద గీతలు పడితే కొత్త దారి మనమే వేసినట్టవుతుంది. వేలు నున్నగా తిరిగేదాకా రుద్ది, బిగించి, పనిలో పనిగా ఫ్లోటు మర తిప్పి నీటిమట్టాన్ని ఓవర్‌ఫ్లో గొట్టం మూతికి ఒక అంగుళం కింద ఉండేలా దించా. నిండాక కాక్ కట్టేసి మళ్లీ గీత గీసి పడుకున్నా.

పొద్దున లేచి మొహం కూడా కడగకుండా మూత ఎత్తి చూశా. నీళ్లు గీత మీదే. వెంట్రుకవాసి కూడా దిగలేదు! శీనూ, మనం ఇంటర్ గట్టెక్కినప్పుడు కూడా నేనంత గట్టిగా అరవలేదు. (నువ్వు అరిచావు. ఎందుకు అరిచావో ఆ నీలం చొక్కాకి తెలుసు.)

ఆ తర్వాత నా పేరు ఎంత పాకిందంటే, పైవాళ్లు పిలిచారు, వాడని బాత్రూంలో కంపు కొడుతోందని. వెళ్లి చూస్తే కమోడ్ అడుగున నీళ్లే లేవు, ఆవిరైపోయాయి. బకెట్ నీళ్లు పోయించి, అప్పుడప్పుడూ ఫ్లష్ చేస్తూ ఉండండని చెప్పి వచ్చేశా. వాళ్లు నన్ను మహాత్ముడిలా చూశారు. కమోడ్ అడుగు గొట్టం వంపులో నిలిచే కాసిని నీళ్లే మురుగు వాసన ఇంట్లోకి రాకుండా అడ్డుకుంటాయి. 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల పనివాడు ఇలాంటి వంపుతో కమోడ్‌కి పేటెంటు తీసుకున్నాడు. చూశావా, గడియారాలు చేసేవాడు! ఇక నన్నెందుకు ఆక్షేపిస్తావు?

ఇప్పుడు నీ సంగతి. ఫ్లష్ చేస్తే సగం పోతోంది, సగం తిరుగుతోంది అని రాశావు. నువ్వు వెంటనే సెట్టు మార్చేయకు, ఎవరు చెప్పినా సరే. ముందు ఒక పెద్ద బకెట్ నీళ్లు తీసుకుని కమోడ్‌లోకి ఒక్కసారిగా, చిందకుండా పోయి. సర్రున దిగిపోయిందా, దారి బాగానే ఉంది, లోపం ట్యాంకు వైపు. మట్టం తక్కువగా ఉండొచ్చు. లేదా అంచు కింద నీళ్లొచ్చే చిన్న చిన్న రంధ్రాలు సున్నంతో పూడుకుపోయి ఉండొచ్చు, చిన్న అద్దం పెట్టి చూడు, కనపడతాయి. నీళ్లు పైకొచ్చి మెల్లగా దిగితే మాత్రం వంపులో ఏదో ఇరుక్కుంది. అప్పుడు ప్లంజర్, అదే కర్ర చివర రబ్బరు గిన్నె ఉండేది. అడుగున పొడుచుకొచ్చిన రబ్బరు అంచు ఉండే రకం తీసుకో, సింకుకి వాడే చదును రకం కమోడ్ కంతకి అతకదు. రబ్బరు మొత్తం నీళ్లలో మునగాలి. మొదటిసారి నెమ్మదిగా నొక్కు, లోపలి గాలి పోవాలి, లేకపోతే నీ మొహం మీదే... నీ అదృష్టం నాకు తెలుసు కాబట్టి చెప్తున్నా. నొక్కడమెంత ముఖ్యమో వెనక్కి లాగడమూ అంతే ముఖ్యం.

యాసిడ్ పోయకు. అది పనిచేయకపోతే ఆ తర్వాత ప్లంజర్ పెట్టినప్పుడు చిందేవి ఆ యాసిడ్ నీళ్లే. బ్లీచింగ్ వేసిన దాంట్లో యాసిడ్ అసలే కలపకు, విషవాయువు వస్తుంది, ఇది వేళాకోళం కాదు. మరుగుతున్న నీళ్లు కూడా వద్దు, పింగాణీ బీటలివ్వొచ్చు. ప్లంజర్‌కి లొంగకపోతే గొట్టంలోకి తిప్పుతూ పంపే తీగ ఉంటుంది, అది తెప్పించు. మీ చిన్నోడి బొమ్మలన్నీ ఉన్నాయో లేదో కూడా ఓసారి లెక్కపెట్టు.

ఫ్లష్ చేసినప్పుడు పక్కన నేల మీది నీళ్లు పోయే జాలీలోంచి గుడగుడమని చప్పుడు వస్తోందేమో కూడా చూడు. వస్తే మాత్రం సంగతి వేరు. గాలి గొట్టమో, బయటి మెయిన్ లైనో మూసుకుపోయి ఉండొచ్చు. అప్పుడు డాబా ఎక్కి ఆ గొట్టం మూతి దగ్గర ముందుగా...

ఒరేయ్, మా బావమరిది చెప్పులు వేసేసుకున్నాడు. వీడు మీ వైపే వస్తున్నాడు, ఇది వాడి చేతికే ఇస్తున్నా. బస్సు పోతుందని గుమ్మంలోంచి అరుస్తున్నాడు. గొట్టం సంగతి మళ్లీ రాస్తా. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు. బకెట్ పోశాక నీళ్లు దిగాయో, పైకొచ్చాయో వీడికే చెప్పి పంపు, చీటీ అయినా రాసి ఇవ్వు

నీ
రాజు